జీర్ణకోశానికి ఇన్‌చార్జి

ఉద్యోగులు లావెక్కడం వల్ల శెనక్కాయకు చెడ్డపేరు వస్తోందని మా హెడ్డాఫీసు వాళ్లు కనిపెట్టారు.

మాది వేరుశనగ ఉత్పత్తుల ప్రోత్సాహక సంస్థ. నల్లగుండ్లలో మా ప్రాంతీయ కార్యాలయం, దాని వెనక పెద్ద గోదాము. శెనక్కాయ తింటే ఒంటికి బలం, నడుము సన్నం అని ఊరి గోడల మీద రాయించేది మేమే. ఆ గోడలకు ఆనుకుని, పొట్టలు ముందుకేసుకుని టీ తాగేదీ మేమే. ఎవరో పెద్దాయన కారులో పోతూ ఈ రెండింటినీ ఒకే చూపులో చూశాడట. ఆ చూపు ఫలితంగా ఉత్తర్వు వచ్చింది.

నేను తపాలు సెక్షన్లో పనిచేస్తాను కాబట్టి దాన్ని మొదట చదివింది నేనే. ప్రతి ఉద్యోగీ పొద్దున ఆఫీసుకు రాగానే మేనేజరు సమక్షంలో సంస్థవారి పోషక ఉండ ఒకటి తినాలి. సాయంత్రం గోదాము చుట్టూ నడవాలి. "తినుట, నడచుట అను రెండు అంశములు పరస్పరం విడదీయరానివి" అని కింద ఒక వాక్యం. పోషక ఉండ అంటే కొత్తదేమీ కాదు. వేయించిన శెనక్కాయలు బెల్లం పాకంలో వేసి చుట్టేది. మా ఊళ్లో పిల్లోళ్లంతా దాన్ని శెనక్కాయ ఉండ అంటారు. సంస్థ దానికి బంగారు కాగితం చుట్టి పేరు మార్చింది.

మా రీజనల్ మేనేజర్ సర్వోత్తమరావు గారు ఉత్తర్వుల్ని కళ్లకద్దుకుని చదివే మనిషి. ఆయన మాట కూడా ఉత్తర్వులాగే ఉంటుంది. కాఫీ చల్లారిపోతే "సదరు కాఫీ వేడి విషయమై సంతృప్తికరముగా లేదు" అంటారు. మర్నాడు పొద్దున ఆయన వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పక్కన బుట్ట. మేము వరసగా నిలబడ్డాం. ఒక్కొక్కరం ఉండ అందుకుని, నమిలి, మింగి, నోరు తెరిచి చూపించి లోపలికి పోతున్నాం.

తిప్పేస్వామి వంతు వచ్చింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకు పడదు సార్."

"ఏది పడదు?"

"శెనక్కాయ."

వరసలో నములుతున్నవాళ్లు నమలడం ఆపేశారు. శెనక్కాయ సంస్థలో, శెనక్కాయ పండే ఊళ్లో ఆ మాట అంటే, కోవెల పూజారి తనకు హారతి పొగ పడదన్నట్టు ఉంది. నిజానికి మాకందరికీ తెలిసిన సంగతే అది. తిప్పేస్వామి సీనియర్ అసిస్టెంటు. చిన్నప్పటి నుంచీ శెనక్కాయ నోట్లో పడితే పెదాలు వాస్తాయి, ఒళ్లంతా దద్దుర్లు, ఆపైన గొంతు మూసుకుపోతుంది. రెండుసార్లు చావు దాకా పోయి వచ్చాడు. ఆయన భార్య గంగరత్న సంచీలో ఎప్పుడూ ఒక ఇంజెక్షన్ ఉంటుంది. దాన్ని వేయడం ఆసుపత్రిలో నేర్చుకుంది. ఇటువంటి మనిషి శెనక్కాయ సంస్థలో ఎట్లా చేరాడంటే, ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఎవరూ ఏం తింటావని అడగలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఉత్తర్వు రాకముందు నుంచే ఒంటి గురించి పట్టించుకున్నవాడు మా ఆఫీసులో ఆయనొక్కడే. షుగరు అంచుకు వచ్చిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి తెల్లవారుజామున కాలేజీ మైదానంలో పరిగెత్తేవాడు. మొదట్లో కుక్కలు వెంటపడేవట. తర్వాత అవి అలవాటు పడి ఆయనకు దారి ఇచ్చాయి. రాష్ట్ర ఉద్యోగుల క్రీడల్లో పది కిలోమీటర్ల పరుగు ఉంది. దాన్ని ఆగకుండా పూర్తిచేయాలని ఆయన పట్టుదల. పేరు పంపాల్సింది మాత్రం ఆఫీసు.

సర్వోత్తమరావు గారు ఉండను బుట్టలో పెట్టేశారు. "అలర్జీ అనునది మీ వ్యక్తిగత అభిప్రాయమా, వైద్యపరమైన పరిస్థితియా?"

"పరిస్థితే సార్."

"ధ్రువీకరణ తెండి."

తిప్పేస్వామి ప్రభుత్వాసుపత్రికి పోయి డాక్టర్ షమీమ్ దగ్గర కాగితం తెచ్చాడు. ఈయన వేరుశనగ తినరాదు, తింటే ప్రాణాపాయం అని ఆమె రాసిచ్చింది. మేము దాన్ని హెడ్డాఫీసుకు పంపాం. జవాబు వచ్చింది. డాక్టరు నిషేధించినది వేరుశనగను. సంస్థ ఇస్తున్నది పోషక ఉండను. కావున ధ్రువపత్రం ఈ విషయమునకు వర్తించదు.

తిప్పేస్వామి మళ్లీ పోయి, పోషక ఉండ కూడా తినరాదని రాయించుకుని వచ్చాడు. ఈసారి జవాబు ఇంకా తొందరగా వచ్చింది. సంస్థ ఉత్పత్తి సంస్థ ఉద్యోగికే ప్రాణాపాయమని రాతపూర్వకముగా అంగీకరించుట సంస్థ ప్రతిష్ఠకు భంగము. అయినను ఉద్యోగి సంక్షేమ దృష్ట్యా ఒక అవకాశం ఇస్తున్నాము. ముగ్గురు సభ్యుల కమిటీ సమక్షంలో ఆయన సగం ఉండ తినవలెను. కమిటీ ఫలితమును గమనించి నివేదిక ఇచ్చును.

ఆ కాగితం చూసి డాక్టర్ షమీమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిందట. "ఆ ముగ్గురితో పాటు మోయడానికి ఇంకో మనిషిని కూడా పిలుచుకోమనండి. నలుగురవుతారు" అని, తిప్పేస్వామిని ఇంటికి పొమ్మంది.

ఈలోపు ఒక రోజు సర్వోత్తమరావు గారు పొద్దున్నే ఉండలు పంచి, అదే చేత్తో తిప్పేస్వామి చెయ్యి పట్టుకుని "ధైర్యముగా ఉండండి" అన్నారు. తిప్పేస్వామి మర్చిపోయి కన్ను నలుపుకున్నాడు. గడియలో ఆ కన్ను నిమ్మకాయంత అయి మూసుకుపోయింది. మేమంతా కంగారుపడి ఆసుపత్రికి తీసుకుపోదామని లేచాం. సర్వోత్తమరావు గారు వంగి, ఆ ముఖాన్ని చాలాసేపు పరిశీలించారు.

"ఒక కన్నుకు మాత్రమే ఇబ్బంది కలిగినది. రెండవ కన్ను విధినిర్వహణకు అనుకూలముగానే ఉన్నది" అన్నారు.

అయినా ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజంతా దిగులుగానే ఉన్నారు. చేతులు సబ్బుతో రెండుమూడు సార్లు కడుక్కున్నారు. మనిషిని చూస్తే జాలి, ఉత్తర్వును చూస్తే భయం. ఈ రెండింటి మధ్య ఆయన అన్నం కూడా సరిగా తినలేదు.

దారి చూపించింది కుళ్లాయప్ప. ఆయన మా అకౌంట్స్ సూపరింటెండెంటు. తినడమంటే ఇష్టం, నడవడమంటే ఆయనకు అసలు నచ్చదు. గోదాము చుట్టూ నడవమంటే మూల తిరిగి, బస్తాల నీడలో కూర్చుని, అందరూ తిరిగి వచ్చేటప్పుడు కలిసేవాడు. ఆయన మేనేజరు గదిలోకి పోయి నిలబడ్డాడు.

"సార్, ఎందుకింత ఆలోచన? తిప్పేసామి ఉండ నేను తింటా. నా నడక ఆయన నడుస్తాడు. రెండూ జరిగినట్టే కదా."

సర్వోత్తమరావు గారు తల అడ్డంగా ఊపబోయి ఆగిపోయారు. ముఖం మెల్లగా విప్పారింది. "ఒక అధికారి సెలవులో ఉన్నప్పుడు ఆయన బాధ్యతలు వేరొకరికి అప్పగించుట మన నిబంధనల్లో ఉన్నది కదా" అన్నారు.

"ఉంది సార్."

"పదవికి ఇన్‌చార్జి ఉండగా, అవయవమునకు ఎందుకు ఉండరాదు?"

ఆ సాయంత్రమే ఉత్తర్వు నేను టైపు చేశాను. శ్రీ తిప్పేస్వామి గారి జీర్ణకోశమునకు శ్రీ కుళ్లాయప్ప గారిని పూర్తి అదనపు బాధ్యతలతో ఇన్‌చార్జిగా నియమించడమైనది. శ్రీ కుళ్లాయప్ప గారి కాళ్లకు శ్రీ తిప్పేస్వామి గారు ఇన్‌చార్జిగా వ్యవహరించెదరు. ఇరువురూ తక్షణమే బాధ్యతలు స్వీకరించవలెను.

స్వీకరించారు. పొద్దున కుళ్లాయప్ప ఒక ఉండ తన పేరున, ఒకటి తిప్పేస్వామి పేరున తినేవాడు. తిన్నాక నోరు రెండుసార్లు తెరిచి చూపించేవాడు. సాయంత్రం తిప్పేస్వామి గోదాము చుట్టూ తన నడక ముగించి, కుళ్లాయప్ప నడక మొదలుపెట్టేవాడు. ఆఫీసు టైములో, ఆఫీసు ఖర్చుతో కాళ్లు ఆడుతున్నాయి. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

చూసిన తర్వాత మిగతా వాళ్లు ఊరుకుంటారా? వారం తిరక్కుండా మా సెక్షన్ల నుంచి అర్జీలు మొదలయ్యాయి. మోకాళ్ల నొప్పులని ఒకరు, చెప్పులు కరుస్తున్నాయని ఒకరు, తమ కాళ్లకు కూడా ఇన్‌చార్జిని వేయమని. నేనూ పెట్టుకున్నాను. సర్వోత్తమరావు గారికి ఎవరినీ కాదనడానికి నిబంధన దొరకలేదు. చివరికి ఆఫీసు కాళ్లన్నీ తిప్పేస్వామి అధీనంలోకి వచ్చాయి. మధ్యాహ్నం భోజనమైనప్పటి నుంచి చీకటి పడేదాకా ఆయన గోదాము చుట్టూ పరుగు. మేము కిటికీల దగ్గర కూర్చుని ఎవరి వంతు నడుస్తోందో అడిగేవాళ్లం. "ఇప్పుడు మీ కాళ్లే" అని ఆయన చెయ్యి ఊపి పోయేవాడు. మాకు అలసట తీరినట్టుండేది.

పద్ధతి బ్రహ్మాండంగా సాగుతుండగా కుళ్లాయప్పకు కడుపు పాడైంది. రోజూ రెండు ఉండలు, మధ్యలో బజారు బజ్జీలు. పొద్దున్నే విరేచనాలు పట్టుకున్నాయి. సెలవు చీటీ పట్టుకుని వంగిపోయి మేనేజరు దగ్గరకు వచ్చాడు.

సర్వోత్తమరావు గారు చీటీ చదివి, "ఏ ఉండ వలన?" అన్నారు.

"ఏమో సార్. రెండో ఉండ తిన్న తర్వాతే మొదలైంది."

"రెండవది తిప్పేస్వామి గారిది. ఆ జీర్ణకోశమునకు మీరు ఇన్‌చార్జి మాత్రమే. అనారోగ్యము ఆయనది. సెలవు ఆయన పెట్టుకొనవలెను."

"కడుపు నొచ్చేది నాకు కద సార్."

"బాధ్యత వేరు, యాజమాన్యము వేరు కుళ్లాయప్ప గారూ."

ఆ విధంగా తిప్పేస్వామికి కడుపునొప్పి సెలవు మంజూరైంది. ఆయన ఇంటికి పోయి హాయిగా పేపరు చదువుకున్నాడు. కుళ్లాయప్ప మాత్రం రోజంతా సీటుకూ పెరటికీ మధ్య తిరిగాడు. ఉత్తర్వు వచ్చినప్పటి నుంచీ ఆయన అంత నడవడం అదే మొదటిసారి. సాయంత్రానికి ఇంకో చిక్కు వచ్చింది. జీర్ణకోశం సెలవులో ఉన్నా కాళ్లు సెలవులో లేవు, పైగా అవి ఆఫీసు మొత్తానివి. కాబట్టి తిప్పేస్వామి కాళ్ల వరకు డ్యూటీకి రావాలని కబురు పోయింది. ఆయన వచ్చి పరిగెత్తి పోయాడు.

క్రీడల సమయం దగ్గరపడింది. ఆ ఏడు పోటీలు పక్క జిల్లాలో పెట్టారు. ఆఫీసు నుంచి పేరు పంపేటప్పుడు తిప్పేస్వామిని తప్ప వేరే ఎవరిని పంపుతారు? కానీ మా రిజిస్టరులో తినే అంశం హాజరు కుళ్లాయప్పది, నడక హాజరు తిప్పేస్వామిది. రెండూ కలిపితేనే ఒక ఆరోగ్యవంతుడైన ఉద్యోగి అవుతున్నాడు. అందుకని సర్వోత్తమరావు గారు ఇద్దరినీ ఒక అభ్యర్థిగా పంపారు. తోడుగా ఆయన బయలుదేరారు. కాగితాలు పట్టుకుని నేను. సంచీ పట్టుకుని గంగరత్న.

ఉదయం ఎండ ఇంకా ముదరలేదు. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, వందలమంది ఉద్యోగులు రంగురంగుల బనియన్లలో కాళ్లు విదిలిస్తున్నారు. తిప్పేస్వామి కూడా పక్కకు పోయి వంగి లేస్తున్నాడు. కుళ్లాయప్ప తోలు చెప్పులతో, ఇస్త్రీ ప్యాంటుతో నిలబడి, టిఫిన్ ఎక్కడ పెడతారని అడుగుతున్నాడు. సర్వోత్తమరావు గారు జేబులోంచి బంగారు కాగితం ఉండ తీశారు. కుళ్లాయప్ప అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు.

"ఆగండి. నేను రాత్రి ఉత్తర్వును పునఃపరిశీలించితిని. అదనపు బాధ్యతలు మన ప్రాంతీయ పరిధిలో మాత్రమే చెల్లును. మనము ఇప్పుడు పరిధి దాటి ఉన్నాము."

మాకు అర్థం కాలేదు.

"ఇక్కడ ఎవరి జీర్ణకోశము వారిదే. ఎవరి కాళ్లు వారివే. ఉండ తిన్నవారికే సంస్థ తరఫున ఈ నంబరు కట్టుటకు నాకు అధికారమున్నది." నంబరు గుడ్డ ఆయన చేతిలో ఉంది. "తిప్పేస్వామి గారూ, ఒక చిన్న ముక్క. నా మాట దక్కించండి."

గంగరత్న సంచీ తెరిచి ఇంజెక్షన్ బయటికి తీసింది. గొంతు పెంచకుండా అంది: "సార్, ఇది నా దగ్గర ఒకటే ఉంది. ఇది వేసినాక ఆసుపత్రి ఎంత దూరమో కనుక్కున్నారా?"

తిప్పేస్వామి ఉండ వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూశాడు. నిరుడంతా చీకటితో లేచి పరిగెత్తింది ఈ రోడ్డు కోసమే. ఆయన కళ్లు తడిగా కనిపించాయి నాకు.

"నేను తినను సార్. నంబరు కుళ్లాయన్నకు కట్టండి. నేను ఊరికే పరిగెత్తుతా."

"నంబరు లేకున్న మీ పరుగు లెక్కలోకి రాదు."

"రాకపోయినా పర్లేదు సార్. అయిపోతుంది కదా, అది చాలు."

సర్వోత్తమరావు గారి చేతిలోని ఉండను కుళ్లాయప్ప అప్పటికే అందుకుని తినేసి ఉన్నాడు. ఈ మాటల మధ్యలో ఎవరూ గమనించలేదు. "తిన్నారా?" అని సర్వోత్తమరావు గారు అడిగితే నోరు తెరిచి చూపించాడు. అప్పుడు తెలిసింది ఆయనకు, తినడం పూర్తయింది కాబట్టి మిగిలింది పరుగని. "నేనా సార్?" అని అడుగుతుండగానే సర్వోత్తమరావు గారు ఆయన చొక్కాకు నంబరు గుచ్చేశారు. ఈల మోగింది. వెనకాల వాళ్లు తోయడంతో కుళ్లాయప్ప మందలో కలిసి కనబడకుండా పోయాడు.

తిప్పేస్వామి పక్క నుంచి, నంబరు లేకుండా, తలవంచుకుని కదిలాడు. ఆయన పరుగు ఆఫీసు కిటికీ లోంచే చూశాను ఇన్నాళ్లూ. ఇక్కడ చూస్తే వేరే మనిషిలాగా ఉన్నాడు. మందలోంచి మెల్లగా ముందుకు జరిగి మలుపు తిరిగిపోయాడు. తిరిగి వచ్చినప్పుడు ముందు ఇద్దరు పోలీసు కుర్రాళ్లు, వాళ్ల వెనకాలే ఈయన. తాడు దగ్గర కుర్చీలో ఉన్నాయన, తిప్పేస్వామి ఛాతీ మీద నంబరు వెతికి, దొరక్క, కలం పక్కన పెట్టేశాడు. ఎవరూ ఏమీ రాసుకోలేదు.

గంగరత్న నీళ్లు ఇచ్చింది. "యాడా నిలబడలేదు కదా?"

"లేదు." ఆయన నవ్వుతున్నాడు, ఊపిరి తీసుకుంటున్నాడు, రెండూ ఒకేసారి కుదరక దగ్గుతున్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. "కుళ్లాయన్న ఏడి?"

కుళ్లాయప్ప లేడు. బహుమతులు ఇచ్చేశారు. షామియానా విప్పుతున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. తిప్పేస్వామి వచ్చిన దారినే మళ్లీ వెనక్కి పోయాడు. చాలాసేపటికి ఇద్దరూ వస్తూ కనిపించారు. కుళ్లాయప్ప చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. నోటికి ఇంకా శెనక్కాయ వాసన ఉంటుంది కనుక తిప్పేస్వామి రోడ్డుకు అటు పక్కన, ఆయన ఇటు పక్కన. మధ్యలో లారీలు పోతున్నాయి. ఆ లారీల చప్పుడు మీంచి తిప్పేస్వామి అరుస్తున్నాడు, ముక్కుతో పీల్చు, నోటితో వదులు, ఇంకొంచెమే అని. కుళ్లాయప్ప ఏదో తిడుతూ వస్తున్నాడు. కానీ వచ్చాడు. దారిలో మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగినట్టు మీసాల మీద ఆనవాళ్లు ఉన్నాయి. అయినా పది కిలోమీటర్లూ పూర్తిచేశాడు. విప్పుతున్న తాడు కింద నుంచి వంగి దాటి, నేల మీద కూర్చుని, "సామీ, ఇవి నా కాళ్లేనా?" అన్నాడు.

సర్వోత్తమరావు గారు ఆయనకు గొడుగు పట్టారు.

మేము ఉన్నదున్నట్టు నివేదిక పంపాం. హెడ్డాఫీసు దాన్ని నిపుణులతో పరిశీలింపజేసింది. పోషక ఉండ తిన్న ఉద్యోగి, తినని వారందరికంటే ఎక్కువ సేపు పరుగులో కొనసాగెనని, గెలిచినవాడు కూడా ఆయన పరిగెత్తినంత సేపు పరిగెత్తలేకపోయెనని వాళ్లు తేల్చారు. కుళ్లాయప్ప ఫొటోతో పోస్టర్లు వేశారు. చెప్పులు చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని, మా ఊరి ప్రతి గోడ మీదా ఆయనే. కింద "అలుపెరుగని దేహదారుఢ్యం" అని.

తిప్పేస్వామికి మెమో వచ్చింది. సంస్థ తరఫున వెళ్లిన మీరు పరుగును మీ సహోద్యోగి కంటే చాలా ముందే ముగించి, మిగిలిన సమయమును వృథాగా గడిపినట్లు తెలియుచున్నది. క్రమశిక్షణా చర్యగా మీకు పోషక ఉండ శాశ్వతముగా నిలుపుదల చేయడమైనది. ఇకపై మీరు ఏ పరిస్థితిలోనూ సదరు ఉండకు అర్హులు కారు.

తిప్పేస్వామి నన్ను ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. "శాశ్వతముగా అనే ఉందా?" అన్నాడు. ఉందన్నాను. సంతకం పెట్టి, కాగితాన్ని గంగరత్నకు చూపించాలని జేబులో పెట్టుకున్నాడు.

కుళ్లాయప్ప అంతా విన్నాడు. పోస్టరు మీదకు ఎక్కినప్పటి నుంచి ఆయనకు రోజుకు నాలుగు ఉండలు పెడుతున్నారు, ఫొటోగ్రాఫర్ల ముందు. ముఖం పాలిపోయింది. "సామీ, ఈ శిక్ష నాకూ పడాలంటే ఏం చేయాల?"

"పరిగెత్తి తొందరగా ముగించాలన్నా. అంతే."

మర్నాడు తెల్లవారుజామున కాలేజీ మైదానంలోకి కుళ్లాయప్ప కాన్వాస్ బూట్లతో వచ్చాడు. ఆ వారంలోనే నేనూ పోయాను. ఉండంటే విసుగెత్తిన వాళ్లందరూ ఒక్కొక్కరే చేరారు. శిక్ష ఎవరికీ ఇంకా పడలేదు గానీ బుట్టలో ఉండలు మిగులుతున్నాయి, ప్యాంట్లు వదులవుతున్నాయి. హెడ్డాఫీసు నుంచి మాత్రం, నల్లగుండ్లలో ఉండల వాడకం తగ్గుచుండగా నడుములు కూడా తగ్గుచుండుట ఆందోళనకరమని, కారణం విచారించి తెలుపవలెనని లేఖ వచ్చింది.

విచారణ నిమిత్తం సర్వోత్తమరావు గారు స్వయంగా మైదానానికి వచ్చారు. మంకీ టోపీ, చేతిలో గొడుగు, కొత్త బూట్లు. ఒక చెట్టు కింద నిలబడి కాసేపు చూశారు. గొడుగు చెట్టుకు ఆనించి, టోపీ తీసి గొడుగు మీద పెట్టారు. తిప్పేస్వామి ఆ పక్క నుంచి పోతుంటే ఆపారు.

"సదరు శ్వాసను దేని ద్వారా తీసుకొనవలెను?"

"ముక్కుతో సార్."

"దీనిపై లిఖితపూర్వక ఉత్తర్వు ఏదైనా కలదా?"

"లేదు సార్."

సర్వోత్తమరావు గారు ఇటూ అటూ చూసి, పంచె కొంచెం పైకి ఎగ్గట్టి, మా వెనకాల పరుగు మొదలుపెట్టారు.